కంపెనీ వాసన

జూన్‌లో మొదటి వాన పడిన రోజే నన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. కారు దిగి గేటు పట్టుకున్నానో లేదో, గుప్పున వాసన కొట్టింది. ముప్పయ్యేళ్ళుగా పటాన్‌చెరు పక్కన కాపురం ఉంటున్నవాణ్ణి. వాన పడితే ఫ్యాక్టరీల వాసన కాలనీల్లోకి దిగుతుందని నాకెవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ రోజు నా చొక్కా కింద, కడుపుకి ఎడమ పక్కన, ఒక ప్లాస్టిక్ సంచి అతికించి ఉంది.

"నాగవల్లీ, ఈ వాసన నాదా, కంపెనీదా?" అని నెమ్మదిగా అడిగాను.

"కంపెనీదేలెండి. లోపలికి పదండి," అంది నా భార్య, నా మొహం చూడకుండా.

మొహం చూడకుండా చెప్పే మాటని నేను నమ్మను. అది నా గుణం అనుకోండి, ఉద్యోగం అనుకోండి. గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో, క్వాలిటీ విభాగంలో ఇరవయ్యారేళ్ళు పనిచేశాను. పనంటే మరేం లేదు, అనుమానపడడం. షిఫ్టువాడు గంటగంటకీ వేడి ఎంతుందో చూసి రాశానంటాడు. ఆ అంకెలన్నీ ఒకే సిరాతో, ఒకే ఊపులో ఉన్నాయంటే, వాడు షిఫ్టు చివర టీ తాగుతూ ఒక్కసారే రాసేశాడని అర్థం. అలాంటి కాగితాలు పట్టుకోవడానికే నాకు జీతం. చలపతిరావు వస్తున్నాడంటే పెన్నులు జేబుల్లోకి పోయేవి. పొగరుగా చెబుతున్నాననుకోకండి, నిజంగానే పోయేవి.

అలాంటి నాకు మే నెలలో పేగు మెలిపడింది. కడుపు ఉబ్బి, ఊపిరాడక, డ్యూటీ నుంచి తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మెలకువ వచ్చాక డాక్టరు మంచం పక్కన నిలబడి చెప్పాడు. "మూరెడు పేగు నల్లబడిపోయింది, తీసేశాం. మిగతాది ఇప్పుడే కుడితే అతుకు నిలవదు. అందుకని పేగు కొస కడుపు మీదికి తెచ్చాం. విరేచనం అక్కణ్ణుంచే వస్తుంది, సంచిలో పడుతుంది. మూడు నాలుగు నెలలు. ఆ తర్వాత మళ్ళీ లోపలికి కలిపేస్తాం." నల్లా పైపు మార్చినంత తేలిగ్గా చెప్పాడాయన.

ఆ కొస ఎర్రగా, తడిగా, కోసిన టమాటా ముక్కలా ఉండేది. ముట్టుకుంటే నొప్పి లేదు, ఆపుదామంటే అదుపు లేదు. ఎప్పుడు చప్పుడు చెయ్యాలో దాని ఇష్టం. ఎవరైనా పలకరించడానికి వచ్చినప్పుడే గుర్రుమనేది. ఎడమ అరచెయ్యి సంచి మీద పెట్టి అదమడం, అదే క్షణంలో గొంతు సవరించుకున్నట్టు దగ్గడం: ఆపరేషన్ తర్వాత నేను నేర్చుకున్న మొదటి విద్య అది.

సంచి మార్చడం మాత్రం మా ఇద్దరికీ పట్టుబడలేదు. ఆసుపత్రి నర్సు ఐదు నిమిషాల్లో చూపించి పంపేసింది. సంచికి ఒక జిగురు ప్లేటు ఉంటుంది. దాని మధ్యలో రంధ్రం కత్తిరించి, పేగు కొస చుట్టూ చర్మానికి అతికించాలి. నాగవల్లి చేతులు వణికేవి. రోజుకి మూడుసార్లు ఊడేది. చుట్టూ చర్మం పచ్చిపుండైంది. ఒకరోజు నాలుగో దుప్పటి కూడా పాడయ్యాక, ఆమె గుమ్మంలో కూలబడి ఏడ్చింది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. యాభై ఆరేళ్ళ మనిషిని పసిపిల్లాడిలా తుడవాల్సి రావడం ఎవరికి సిగ్గో కూడా మాకు తెలియలేదు.

అలాంటిది, తొమ్మిదో రోజు పొద్దున నా భార్య చేతులు మారిపోయాయి. గోరువెచ్చని నీళ్ళతో చర్మం తుడిచి, పూర్తిగా ఆరేదాకా అట్టముక్కతో విసిరింది. కొలత చూసి, గీత గీసి, రంధ్రం గుండ్రంగా కత్తిరించింది. ప్లేటుని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబరిచింది. అతికించాక పైన చెయ్యి ఆనించి మనసులో వంద లెక్కపెట్టింది. ఆ సంచి మూడు రోజులు ఊడలేదు.

ఇంకొకడైతే దేవుడికి దండం పెట్టుకునేవాడు. నాకు అనుమానం వచ్చింది.

"ఎవరు నేర్పారు నీకు?"

"ఫోన్లో చూశాను. వీడియో ఉంది."

"ఏదీ, చూపించు."

"ఎప్పుడో చూశానండీ. ఇప్పుడెక్కడ వెతకను?" అని బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

పైగా సంచి కూడా వేరు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చినవి పలచగా, లోపలిదంతా కనిపించేవి. ఇది గోధుమరంగుది, ఒంటికి తగిలే వైపు మెత్తటి గుడ్డ ఉంది. అలమరలో పెట్టె చూశాను. లేబులు ఉండాల్సిన చోట పీకేసిన గుర్తు ఉంది. లేబులు లేని సరుకు చూస్తే నాకు ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది.

అప్పటినుంచి మంచంలో పడుకుని ఇంటిని గమనించడం మొదలుపెట్టాను. వేరే పనేముంది? రోజూ మధ్యాహ్నం రెండింటికి ఎదురింటి సుకుమారి వచ్చేది. ఆమె భర్త బర్నబా మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాడు, వాళ్ళ చర్చిలో పెద్దమనిషి. ఇరవయ్యేళ్ళ ఇరుగుపొరుగు. అయినా సుకుమారి మా ఇంటికి రోజూ వచ్చేంత చనువు ఎన్నడూ లేదు. ఇప్పుడు వస్తే తిన్నగా వెనకగదిలోకే వెళ్ళేది. తలుపు పడేది. అరగంట గుసగుసలు.

ఆ మనిషి నడకే నాకు నచ్చలేదు. ఎంత ఉక్కపోసినా కొంగు నిండుగా చుట్టుకునేది. కొంగు కింద ఒక చెయ్యి ఎప్పుడూ కడుపు దగ్గరే. మాటిమాటికీ పొడిదగ్గు. మా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరైనా అలా నడిస్తే వెనక్కి పిలిపించి సోదా చేయించేవాణ్ణి. దాచేవాళ్ళకే గొంతు ఆరుతుందని నా అనుభవం.

"వెనకగదిలో ఏం చేస్తున్నారు మీరిద్దరూ?" అని ఒకరోజు నిలదీశాను.

"ప్రార్థన చేస్తోందండీ, మీ ఆరోగ్యం కోసం."

"ప్రార్థనకి కత్తెర ఎందుకు? కత్తెర చప్పుడు వినిపించింది నాకు."

నాగవల్లి గిన్నెలోకి చూస్తూ మజ్జిగన్నం కలిపింది. "బాగా నమలండి. ముద్దకి ఇరవైసార్లు నమిలితే పేగుకి పని తగ్గుతుంది. క్యాబేజీ, శనగపిండి వద్దు. సంచి మూడోవంతు నిండగానే చెప్పండి, నిండేదాకా ఆగితే బరువుకి ఊడుతుంది," అంది. ఇవన్నీ ఈవిడకెలా తెలుసు? డాక్టరు చెప్పలేదు. నేను అక్కడే ఉన్నాను కదా.

ఆ ఆదివారం బర్నబా వచ్చాడు. "రావుసాబ్, ఎట్లున్నరు? మొఖం జెర తేటవడ్డది. మందిరంల అందరం మీ గురించి ప్రార్థన చేసినం."

"మీ ఆవిడ కూడా రోజూ వచ్చి చేస్తున్నారు. పాపం, ఆవిడకేదో దగ్గున్నట్టుంది?"

బర్నబా కిటికీ వైపు చూశాడు. "దగ్గా? ఏం లేదు సార్. ఆడోళ్ళ ముచ్చట్లు మనకెందుకు గని, చాయ్ తాగొచ్చా మీరు?" అన్నాడు. మాట మార్చడం కూడా సరిగా రాని మనిషి. నా అనుమానం గట్టిపడింది. మా ఆవిడకి మతం పుచ్చుకోవాలని చెబుతున్నారా, నాకు ఏవో మందులు పెట్టిస్తున్నారా, నా రోగం గురించి నాకు తెలియనిదేదో వీళ్ళందరికీ తెలుసా? మూడూ అనుకున్నాను. మూడింటికీ సాక్ష్యం వెతికాను.

సాక్ష్యం చెత్తబుట్టలో దొరికింది. ప్లేటు వెనక ఒలిచి పారేసే కాగితం. పెట్టె మీది లేబులు పీకినవాళ్ళు దీన్ని మరిచిపోయారు. చీమతలంత అక్షరాలు, కళ్ళజోడు పెట్టి, కిటికీ దగ్గర చదివాను. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు చేసే ఒక ఫ్యాక్టరీ పేరు, కింద ఆ సరుకు ఏ విడతలో తయారైందో చెప్పే లాట్ నంబరు. బర్నబా కూతురు జెన్నిఫర్ ఆ ఫ్యాక్టరీలోనే ప్యాకింగులో పనిచేస్తుంది.

ఇంకేం, లెక్క తేలిపోయింది. పనికిరావని పక్కన పడేసిన సంచులు. కూతురు ఎత్తుకొస్తోంది, తల్లి కొంగు కింద మోసుకొస్తోంది, మా ఆవిడ నా పచ్చిపుండు మీద అతికిస్తోంది. అవి మూడు రోజులు నిలుస్తున్నాయన్న సంగతి నాకు గుర్తు రాలేదు.

నాగవల్లి కూరగాయలకి వెళ్ళినప్పుడు సుధీర్‌కి ఫోన్ చేశాను. నా దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలో క్వాలిటీ మేనేజరు. ఊరికే అడుగుతున్నట్టు నంబరు చెప్పాను. పది నిమిషాల్లో తిరిగి చేశాడు.

"సార్, గా లాటు ఇంక మా స్టోర్లనే ఉంది. బయటికి అమ్మలే. మీకేడ దొరికింది?"

ఆ క్షణంలో నోరు మూసుకుని ఉండొచ్చు. "మా ఎదురింటి అమ్మాయి మీ దగ్గరే చేస్తుంది," అనేశాను.

"ఇగ నేను రాసుకోవాలె సార్."

"రాయడమెందుకయ్యా? ఊరికే అడిగాను."

"మీరే నేర్పిన్రు గద సార్. కంటవడ్డది కాయితమెక్కాలె అని."

మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు మధ్యాహ్నం రెండు దాటినా సుకుమారి రాలేదు. ఎదురింటి ముందు జెన్నిఫర్ స్కూటీ డ్యూటీ వేళప్పుడు నిలిచి ఉంది. నాగవల్లి వాళ్ళింటికి వెళ్ళి వచ్చింది. తర్వాత నా గుమ్మం దగ్గర నిలబడింది.

"జెన్నిఫర్‌ని పనిలోకి రావద్దన్నారట. సంచులు దొంగతనం చేసిందని విచారణట. బయటివాళ్ళెవరో ఫోన్ చేశారట, లాట్ నంబరుతో సహా."

ఆ చివరి మాట దగ్గర నా వైపు చూసింది. ఈ కాలనీలో చెత్తబుట్టలోంచి లాట్ నంబరు చదివేవాడు ఎంతమంది ఉంటారు? ఇన్నాళ్ళూ నేను అందరినీ చూసిన చూపు అది. అది నా మీద పడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"దొంగతనం చేస్తే మరి..." అన్నాను.

"చెయ్యలేదు. ఇంట్లోవాళ్ళకి అవసరమైతే స్టాఫ్‌కి స్టోరు నుంచి ఇస్తారు. ఆ పిల్ల సంతకం పెట్టి తీసుకుంది. ఇంట్లోవాళ్ళకని తీసుకున్న సరుకు బయట ఎలా తేలిందని ఇప్పుడు అడుగుతున్నారు."

"ఇంట్లో ఎవరికి అవసరం?"

నాగవల్లి కళ్ళు దించుకుంది. "నన్నడక్కండి. మాటిచ్చాను," అంది. అలమరలో ఇంక రెండు సంచులే ఉన్నాయని కూడా చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు నేను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రెండింటికి సుకుమారి వచ్చింది. వెనకగదిలోకి వెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబడి నాగవల్లితో మాట్లాడింది. నేనున్నానని గొంతు తగ్గించింది గానీ, వినపడుతూనే ఉంది.

"వదినె, రేపు నాతోని సుల్తాన్‌పూర్ దాక వస్తవా? ఎవరి కోసం తీస్కున్నవో ఆ మనిషిని తీస్కరమ్మన్నరట బిడ్డను. ఆస్పత్రి కాయితాలు చూపియ్యాలెనట. గాడ ప్యాకింగుల సగంమంది మన కాలనీ పిల్లలే. పొద్దుమూకేసరికి అందరికి ఎరికైతది."

"నేనొస్తాను వదినా. నువ్వు కంగారు పడకు."

"ఇన్నేండ్లు దాసిన. అత్తగారింటోళ్ళకు సుత ఎరిక లేదు. ఇగ కానీ, బిడ్డ నౌకరి కన్న ఎక్కువనా..."

మాట మధ్యలో ఒక చప్పుడైంది. పెద్దదేం కాదు, గుర్రుమని. నేను గబుక్కున చెయ్యి నా కడుపు మీద పెట్టుకున్నాను. నాది కాదు. తలెత్తితే, సుకుమారి కొంగు కింద ఎడమ అరచెయ్యి అదిమి పట్టుకుని ఉంది. అదే క్షణంలో దగ్గింది. నా చెయ్యి నా కడుపు మీద, ఆమె చెయ్యి ఆమె కడుపు మీద. ఆమె నా చెయ్యి చూసింది. నాగవల్లి మా ఇద్దరినీ చూసి నేలచూపు చూసింది.

వాన మొదలైతే సుకుమారి వెళ్ళబోయింది.

"సుకుమారమ్మా," అన్నాను. "రేపు వెళ్ళకు."

"పోకుంటె ఎట్లనన్నా?"

"ఒక్కరోజు ఆగు."

పొద్దున్నే ఆటో పిలవమన్నాను. ఆపరేషన్ తర్వాత గేటు దాటడం అదే మొదలు. మిగిలిన రెండు సంచుల్లో ఒకటి నాగవల్లి అతికించింది. ఎక్కడికని అడగలేదు. చెయ్యి ఆనించి ఆమె పెదాలు కదుపుతుంటే గమనించాను; వంద దగ్గర ఆగలేదు, రెండు వందలదాకా లెక్కపెట్టింది. అమీన్‌పూర్ దారిలో గుంతలన్నీ నా కడుపులోనే ఉన్నట్టు కూర్చున్నాను.

ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీవాడు ఒళ్ళు తడిమాడు. చెయ్యి నడుము దగ్గరికి వచ్చి ఆగింది. "సాబ్, పేట్ పే క్యా హై?"

"బ్యాగ్ హై. తుమ్హారీ కంపెనీ కా హీ మాల్ హై," అన్నాను.

వాళ్ళ కంపెనీ సరుకే నా కడుపు మీద ఉందని వాడికి అర్థం కావడానికి కాస్త పట్టింది. అయ్యాక చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుని, ప్యాంటుకి తుడుచుకున్నాడు. పక్కన ఆడవాళ్ళ వరసలో ఒకామె అందరి నడుములూ తడుముతోంది. మా ఫ్యాక్టరీలో ఆ సోదా పెట్టించిందే నేను. ఎంతమంది నడుముల దగ్గర ఎంత సిగ్గు తగిలి ఉంటుందో ఇరవయ్యారేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు.

సుధీర్ లేచి కుర్చీ వేశాడు. నా పేరుతో రాసిన ఫిర్యాదు కాగితం తెప్పించమన్నాను.

"ఈ నంబరు నేను తప్పు చదివాను. చివరి అంకె మూడు కాదు, ఎనిమిది."

సుధీర్ నన్నే చూశాడు. "మీరా సార్? తప్పు చదువుడా? ఆరేండ్లు మీ కింద చేసిన. గిట్ల నేనెన్నడు చూడలే."

"ఇప్పుడు చూశావుగా. పేగుతోపాటు కళ్ళూ పోయాయి."

"గా కాయితం తెచ్చిన్రా?"

"పారేశాను." ఆ కాగితం నా జేబులోనే ఉంది.

నా ఎడమ చెయ్యి ఎక్కడుందో సుధీర్ గమనించాడు. కాసేపు కంప్యూటరు వైపు తిరిగి ఏదో కొట్టాడు. "ఎనిమిదైతే పోయిన నెలనే మార్కెట్‌కు పోయింది సార్. దుకాణంల దొరుకుతది. ఇగ విచారణ అక్కర లేదు," అన్నాడు. తెర నా వైపు తిప్పలేదు. చూపించమని నేను అడగలేదు. అలా అడక్కుండా ఊరుకోవడం నా జన్మలో అదే మొదలు.

మా వృత్తిలో తప్పు దిద్దడానికి ఒక పద్ధతుంది. కొట్టేసింది కనపడకుండా పులమకూడదు. ఒకే ఒక్క గీత గియ్యాలి, కింద మొదట రాసింది కనపడాలి. పక్కన సరైనది రాసి, కారణం రాసి, సంతకం, తేదీ పెట్టాలి. వందలమందికి నేర్పాను. మూడు మీద గీత గీశాను. ఎనిమిది వేశాను. చదవడంలో పొరపాటు అని రాసి సంతకం పెట్టాను. ఎన్ని దొంగ అంకెలు పట్టుకున్నానో లెక్క లేదు; స్వయంగా వేసింది అదొక్కటే.

జెన్నిఫర్ మర్నాడు డ్యూటీకి వెళ్ళింది. రెండింటికి సుకుమారి వచ్చింది, చేతిలో పెట్టెతో, లేబులు పీకకుండా. ఈసారి తిన్నగా నా మంచం దగ్గరికే వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఫోన్ చేసింది నేనే, సుకుమారమ్మా," అన్నాను. ఆ మాటకి ఎంత సిగ్గుపడ్డానో సంచికి కూడా అంత సిగ్గుపడలేదు.

"ఎరికేనన్నా. లాట్ నంబరనంగనే ఎరికైంది," అని నవ్వింది. నవ్వు ఆపి, "మస్తు ఏడ్సిన ఆ దినం. ఇగ ఊకో," అంది.

తర్వాత తనే చెప్పింది. "తొమ్మిదేండ్లాయె నాకు. నీది వానలు పోంగనే పోతది. నాది పోయేది గాదు, సచ్చేదాక. మా ఆయన రిటైరైనంక మెదక్ దిక్కు ఇల్లు కట్టుకుందమన్నడు. నేనే వద్దన్న."

"ఎందుకమ్మా? అక్కడ గాలి బాగుంటుంది కదా."

"గందుకేనన్నా. గాడ గాలి మంచిగుంటది. ఈడ వాసనొస్తె అందరు కంపెనీ అంటరు."

నాగవల్లి గుమ్మానికి ఆనుకుని వింటోంది. అత్తవారింట్లో కూడా చెప్పని సంగతి, నా చర్మం పుండైందని విని మా ఆవిడకి చెప్పింది ఈ మనిషి. మధ్యాహ్నాలు తలుపేసుకుని, తన ఒంటి మీద చూపించి నేర్పింది. నేను చెత్తబుట్ట వెతికాను. ముద్ద నమలడం, చర్మం ఆరబెట్టడం ఎవరైనా నేర్పగలరు. ఇంకొకరి పుండు కోసం తన గుట్టు విప్పడం, ఆ వానాకాలం నేను నేర్చుకున్నది ఇది, అదీ ఆలస్యంగా.

సెప్టెంబరు చివర పేగు కలిపారు. సంచి పోయింది. నేను లేచి తిరగడం మొదలుపెట్టాక, బర్నబా తన డాబా మీద కృతజ్ఞత కూడిక పెట్టి కాలనీ అంతటినీ పిలిచాడు. ప్రార్థనయ్యాక అందరం భోజనాలకి కూర్చున్నాం. నా పక్కన పవన్‌కుమార్ అనే కుర్ర లెక్చరరు. రుద్రారంలో కాలేజీ, మా వీధిలోకి కిరాయికి వచ్చి వారమే అయింది. సుకుమారి వంగి అతనికి అన్నం వడ్డిస్తోంది.

అతను ముద్ద ఆపి ముక్కు ఎగబీల్చాడు. "ఏంది సార్, గీ వాసన?"

సుకుమారి చెయ్యి కొంగు కిందికి పోయింది. దగ్గింది. ఎదురు వరసలో నాగవల్లి నీళ్ళగ్లాసు పట్టుకుని ఆగిపోయింది. ఆకాశంలో మబ్బుతునక లేదు. వాన పడి పది రోజులైంది. గాలి కూడా ఫ్యాక్టరీల వైపు నుంచి రావడం లేదు. అది నాకు తెలిసినట్టు ఆ డాబా మీద ఇంకెవరికీ తెలియదు.

"కొత్తగా వచ్చారు కదా, అలవాటైపోతుంది. కంపెనీది," అన్నాను, అతని మొహంలోకి సూటిగా చూస్తూ.